మూడో తెరకు ఇంట్లో చోటుందా?

మా ఇంట్లో పుస్తకాల బీరువా కింది అరలో ఒక ట్యాబ్ చాలాకాలం పడి ఉంది. 2020లో బడులు మూతపడి పాఠాలు తెరల మీదికి వచ్చినప్పుడు హడావుడిగా కొన్న వస్తువది. బడులు తెరిచాక కొన్నాళ్లు సినిమాలకు, ఆ తర్వాత చుట్టాల పిల్లలను ఊరుకోబెట్టడానికి పనికివచ్చి, చివరకు దాని చార్జర్ ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తులేని స్థితికి చేరింది. దాన్ని అమ్మేయాలా, ఉంచుకోవాలా అని ఇంట్లో చర్చ వచ్చినప్పుడు నేను తడుముకోకుండా సమాధానం చెప్పలేకపోయాను. జేబులో ఫోను, బల్ల మీద ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో మూడో తెర చేసే పని ఏమిటన్నది చూడటానికి చిన్న ప్రశ్నే గాని, విప్పుతూ పోతే చాలా ముడులున్నాయి. (ట్యాబ్లెట్ అంటే నాకు మందుల షాపు గుర్తొస్తుంది కనుక ఇక్కడంతా ట్యాబ్ అనే రాస్తాను.)

ఈ ప్రశ్నకు సమాధానం వెతికేవాళ్లు సాధారణంగా ట్యాబ్ ఏమేం చేయగలదో జాబితా వేసుకుంటారు. సినిమా చూడవచ్చు, మెయిల్ పంపవచ్చు, పుస్తకం చదవవచ్చు, వీడియో కాల్ చేయవచ్చు. ఆ జాబితాలోని ప్రతి పనీ ఫోనో ల్యాప్‌టాపో ఇప్పటికే చేస్తున్నదే కాబట్టి, అలా చూస్తే ట్యాబ్ ఎప్పుడూ దండగే అనిపిస్తుంది. అడగవలసింది వేరే ఉంది. మిగిలిన రెండింటి దగ్గర అవస్థపడుతున్న పని ఏదైనా మన రోజులో ఉందా, ఉంటే ఆ పనిని ట్యాబ్ పూర్తిగా తన మీద వేసుకుని, మనల్ని మళ్లీ ఫోను వైపో ల్యాప్‌టాప్ వైపో వెళ్లనివ్వకుండా ముగించగలదా అన్నదే అసలు పరీక్ష.

ఈ పరీక్ష కొత్తదేమీ కాదు. 2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ తొలి ఐప్యాడ్‌ను చూపించే ముందు, స్మార్ట్‌ఫోనుకూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మూడో రకం పరికరానికి చోటుందా అని తానే ప్రశ్న వేసి, కొన్ని ముఖ్యమైన పనుల్లో అది ఆ రెండింటికంటే మెరుగ్గా ఉంటేనే దానికి బతుకు ఉంటుందని చెప్పాడు. ఆనాటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు, ఐప్యాడ్ తెర 9.7 అంగుళాలు. ఆ మధ్యలో బోలెడంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీలోకే అదే ఏడాది 7 అంగుళాల శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్, 2011 అక్టోబరులో మన దేశంలో విద్యార్థుల కోసం చవక ధరకు ప్రకటించిన 7 అంగుళాల ఆకాశ్ ట్యాబ్ వచ్చాయి. తర్వాతి పదేళ్లలో ఫోన్లే పెరిగి 6.7 అంగుళాలకు చేరాయి. కాబట్టి 2010లో ఐప్యాడ్‌కు కలిసివచ్చిన వాదన ఈనాటి చిన్న ట్యాబ్‌కు దానంతటది వర్తించదు. ఇంకా చోటు మిగిలి ఉందా లేదా అన్నది స్కేలు పట్టుకుని కొలిచి చూడవలసిన విషయం.

నేను కొలిచే చూశాను. తెర పరిమాణాన్ని మూల నుంచి మూలకు అంగుళాల్లో చెప్పడం అమ్మేవాళ్లకు అలవాటు గాని, చదివేవాడికి కావలసింది వెడల్పు. 6.7 అంగుళాల ఫోను సన్నగా పొడవుగా ఉంటుంది కనుక దాని తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు. 11 అంగుళాల ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుంటే వెడల్పు దాదాపు 14.8 సెంటీమీటర్లు, ఎత్తు 23.7 సెంటీమీటర్లు. అంగుళాల అంకె రెట్టింపు కూడా కాలేదు గాని, తెర విస్తీర్ణం మూడు రెట్లు దాటింది. ఇప్పుడు మనం రోజూ ఎదుర్కొనే ఏ4 కాగితాన్ని తీసుకుందాం. దాని వెడల్పు 21 సెంటీమీటర్లు, ఎత్తు 29.7. ఆ కాగితం ఫోను వెడల్పులో ఇమడాలంటే మూడో వంతుకు కుంచించుకుపోవాలి. 11 అంగుళాల ట్యాబ్‌లో 70 శాతం పరిమాణంలో మొత్తం పేజీ కనిపిస్తుంది. నన్ను ఆశ్చర్యపరచినది ల్యాప్‌టాప్ లెక్క. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర విస్తీర్ణంలో ఈ ట్యాబ్‌కు దాదాపు రెండింతలు. కాని అది అడ్డంగా పరుచుకున్న తెర, ఎత్తు 19.4 సెంటీమీటర్లే. నిలువు కాగితాన్ని అందులో పూర్తిగా చూపించాలంటే 65 శాతానికి తగ్గించక తప్పదు. పైన మెనూ పట్టీ, కింద టాస్క్‌బార్ తినేసే చోటును తీసేస్తే అది ఇంకా తగ్గుతుంది. అంటే ఒక పూర్తి పేజీని ఒక్క చూపులో చూపించే విషయంలో రెండింతల ల్యాప్‌టాప్ కంటే 11 అంగుళాల ట్యాబ్‌దే పైచేయి. పైగా ల్యాప్‌టాప్‌ను దూరంగా బల్ల మీద ఉంచి చూస్తాం, ట్యాబ్‌ను పుస్తకంలా దగ్గరగా పట్టుకుంటాం. కంటికి ఆ తేడా మరింత పెద్దదిగా తెలుస్తుంది.

తెలుగు చదివేవాళ్లకు ఈ లెక్క ఇంకాస్త ముఖ్యం. 12 పాయింట్లలో అచ్చయిన అక్షరం ఫోను వెడల్పుకు కుంచించుకుపోతే 4 పాయింట్లకు దిగిపోతుంది. ఆ పరిమాణంలో ఇంగ్లీషు అక్షరాన్ని కష్టపడి గుర్తుపట్టవచ్చునేమో గాని, తెలుగులో అక్షరం కింద వత్తు, వత్తు కింద మరో వత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. ‘రాష్ట్ర’ అనే మాటలో ష కింద ఇరుక్కున్న రెండు వత్తులూ ఒక నల్లటి చుక్కగా కలిసిపోతాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల స్కాన్లను ఫోనులో చదివినవారికి ఈ అవస్థ తెలిసినదే. లోహపు అచ్చుల్లో ముద్రించిన కాగితం, కాలంతో పసుపెక్కిన పేజీ, దాని ఫొటో. వేళ్లతో పెద్దది చేస్తే అక్షరం తెలుస్తుంది గాని వాక్యం తెర బయటికి పోతుంది. ప్రతి పంక్తికీ పేజీని ఎడమకూ కుడికీ జరుపుకుంటూ పోతే పది పేజీలు దాటేసరికి వేలు కాదు, ఓపిక అరిగిపోతుంది. వెబ్ పేజీ అయితే తెరకు తగ్గట్టు తనే పంక్తులు విరుచుకుంటుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అలా విరగదు. ఎందుకంటే యంత్రానికి అది అక్షరాల వరుస కాదు, బొమ్మ. కాబట్టి ఒక మనిషికి ట్యాబ్ అవసరమా అని నన్నడిగితే, నేను మొదట అడిగేది, మీరు వారానికి ఎన్ని విరగని పేజీలు చదువుతారు అని.

హైదరాబాద్ అశోక్‌నగర్ స్టడీ హాళ్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివేవారి సంగతి తీసుకుంటే ఈ ప్రశ్నకు జవాబు సులభం. వాళ్ల చదువులో పెద్ద భాగం పీడీఎఫ్‌లే. పాత ప్రశ్నపత్రాలు, ప్రభుత్వ నివేదికలు, స్నేహితులు టెలిగ్రామ్‌లో పంపిన చేతిరాత నోట్సు అన్నీ ఆ రూపంలోనే తిరుగుతాయి. అన్నింటినీ జిరాక్స్ తీయించుకుంటే ఖర్చూ మోతబరువూ రెండూ ఎక్కువే. ఇలాంటివారికి ట్యాబ్ విలాసం కాదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. చదవడంతో సరిపెట్టుకోకుండా పేజీ మీదే గీతలు గీయాలి, అంచులో రాసుకోవాలి అనుకుంటే మామూలు రబ్బరు మొన గల పెన్ను చాలదు. చవక ట్యాబ్‌ల తెర ఏ స్పర్శనైనా ఒకేలా చూస్తుంది. రాస్తుండగా అరచేయి ఆనితే దాన్నీ గీతగానే తీసుకుంటుంది. తన సొంత పెన్నును గుర్తుపట్టి అరచేతిని వదిలేసే ఏర్పాటు వేరు, దాని ధర వేరు. ఐప్యాడ్‌కు ఆ పెన్నును విడిగా కొనుక్కోవాలి. శాంసంగ్ ఎస్ శ్రేణి ట్యాబ్‌లలో అది పెట్టెలోనే వస్తుంది. రాయాలనే ఉద్దేశంతో కొనేవారు ట్యాబ్ ధరకు పెన్ను ధరను కలుపుకుని లెక్క చూడాలి. లేకపోతే సగం పనికే డబ్బు పెట్టినట్లవుతుంది.

7, 8 అంగుళాల ట్యాబ్‌ల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. 8.7 అంగుళాల తెర వెడల్పు 11 సెంటీమీటర్ల పైచిలుకు. ఏ4 పేజీ అందులో సగానికి కాస్త ఎక్కువ పరిమాణంలోనే కనిపిస్తుంది. జేబులో పట్టదు, పేజీ చూపించదు, రెంటికీ చెడ్డ రేవడి. కాని అందరి పనీ పేజీతోనే కాదు. 2022 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు పంచిన ట్యాబ్‌లు 8.7 అంగుళాలవే. వాటిలో ప్రధానంగా ఎక్కించి ఇచ్చినవి వీడియో పాఠాలు. వీడియోకు అక్షరం విరగడం, విరగకపోవడం అనే బాధ లేదు. పిల్లల చేతికి, బడి సంచికి అది తగిన కొలతే. అదే ట్యాబ్‌ను ఇంట్లో పెద్దవాళ్లు పాత పుస్తకాలు చదవడానికి తీసుకుంటే తేడా తెలుస్తుంది.

ట్యాబ్ చేయలేని పనుల గురించి అమ్మేవాళ్లు చెప్పరు కనుక ఇక్కడ చెప్పుకోవాలి. కీబోర్డు తగిలిస్తే అదే ల్యాప్‌టాప్ అయిపోతుందనే మాట సగమే నిజం. ఐప్యాడ్‌లో కిటికీల్లా అనేక యాప్‌లను పరచుకునే వీలు 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26తో బాగా మెరుగుపడింది. అయినా పెద్ద ఎక్సెల్ పట్టిక, ఉద్యోగ దరఖాస్తులో ఫొటోను అడిగినన్ని కేబీలకు కుదించి ఎక్కించడం, కాలేజీ ప్రాజెక్టు నివేదిక లాంటివాటిలో సగం దూరం వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచే పరిస్థితి వస్తుంది. సగంలో ఆగిన పని ట్యాబ్ ఖాతాలో వేయకూడదు. వర్డ్, ఎక్సెల్ మొబైల్ యాప్‌ల విషయంలో మరో చిత్రమైన గీత ఉంది. 10.1 అంగుళాలు, అంతకంటే చిన్న తెరల మీద మామూలు దిద్దుబాట్లను మైక్రోసాఫ్ట్ ఉచితంగా చేసుకోనిస్తుంది. ఆ గీత దాటిన ట్యాబ్‌లకు చందా కట్టాలి. పేజీ చదవడానికి పెద్ద తెర మేలు, ఉచితంగా దిద్దడానికి చిన్న తెర మేలు. ఈ రెండు కోరికలూ ఒకే వస్తువులో తీరవు.

డబ్బు వ్యవహారాల్లో ఫోనుదే రాజ్యం. యూపీఐ యాప్ నమోదయ్యేటప్పుడు ఆ పరికరంలోని సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి. వైఫై మాత్రమే ఉన్న ట్యాబ్‌లో సిమ్ లేదు కాబట్టి కథ అక్కడే ఆగిపోతుంది. నా దృష్టిలో ఇది లోపం కంటే సుగుణమే. మనవలూ తాతలూ ఒకే తెరను పంచుకునే ఇంట్లో దానికి బ్యాంకు ఖాతా అంటకపోవడం మంచిది. వాట్సాప్ ఐప్యాడ్‌లోకి సొంత యాప్‌గా రావడానికి 2025 మే దాకా ఆగవలసి వచ్చింది. అదైనా, ఆండ్రాయిడ్ ట్యాబ్‌లోనైనా, ఫోనులోని ఖాతాకు జతపరచుకుని వాడుకోవచ్చు.

ఇంతవరకూ ఒక్క మనిషి అవసరం గురించే మాట్లాడాను. కాని ఫోను ఒకరి సొత్తు, ల్యాప్‌టాప్ ఒకరి ఉద్యోగానిది, ఈ మూడింటిలో ఇంటి సొత్తు కాగలిగినది ట్యాబ్ ఒక్కటే. మా నాన్నగారు దినపత్రిక జిల్లా పేజీని ఈ-పేపర్‌లో చూడాలనుకుంటారు. ఆయన ఉండేది మా దగ్గర, ఆయనకు కావలసిన వార్తలు మా ఊరి జిల్లావి. ఆ ఎడిషన్ ఇక్కడి పేపరువాడు వెయ్యడు. ఫోనులో ఆ పేజీ అగ్గిపెట్టె మీద అచ్చువేసినట్టు ఉండేది. ల్యాప్‌టాప్ ముందు కూర్చోమంటే, పేపరు చదవడానికి ఆఫీసులో కూర్చున్నట్టు ఎందుకని విసుక్కునేవారు. ట్యాబ్‌లో కూడా దినపత్రిక పేజీ పూర్తిగా చదవగలిగినంత పెద్దగా ఏమీ ఉండదు. కాని శీర్షికలు కనిపిస్తాయి. కావలసిన వార్తను రెండు వేళ్లతో దగ్గరకు లాగితే ఒక కాలమ్ నిండుగా తెరకు సరిపోతుంది. పడక్కుర్చీలో వెనక్కి వాలి, మోకాలి మీద ఆనించి ఆయన అలా చదువుకోగలగడమే ఈ వస్తువు చేసిన పెద్ద పని. అమెరికాలో ఉన్న మా చెల్లెలు ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు ట్యాబ్‌ను పచ్చళ్ల జాడీకి ఆనించి భోజనాల బల్ల మీద నిలబెడితే, ఎవరూ చేయి చాపి ఫోను పట్టుకోనక్కర్లేకుండా నలుగురూ తెరలో పడతారు.

ఇంటి సొత్తుగా వాడాలనుకునేవారు ఒక తేడా గమనించాలి. చాలా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో ఒక్కొక్కరికి విడివిడి ఖాతాలు పెట్టుకోవచ్చు, కంప్యూటర్‌లో లాగా తెర మీద పేరు నొక్కి మారవచ్చు. ఇంటి వాడకానికి కొన్న ఐప్యాడ్‌లో ఆ వీలు లేదు. అది ఒక్కరి పరికరంగానే ఉంటుంది. ఇక పసిపిల్లల విషయంలో ట్యాబ్‌ను లెక్కలోకే తీసుకోకపోవడం మేలు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి తెర వద్దని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పిల్లలు అన్నం తింటారని ట్యాబ్ ఉంచుకోవడం సరైన కారణం కాదు.

సినిమాల సంగతి త్వరగా ముగిస్తాను. బొమ్మ ఫోను మీద కంటే రెండు రెట్లకు పైగా పెద్దదిగా కనిపిస్తుందన్నది నిజమే. అయితే కొన్ని చవక ట్యాబ్‌లలో, సినిమాను కాపీ కానివ్వకుండా కాపాడే వైడ్‌వైన్ అనే రక్షణ ఏర్పాటు కింది స్థాయి అయిన ఎల్3లోనే ఉంటుంది. అప్పుడు తెర ఎంత నాణ్యమైనదైనా ఓటీటీ యాప్‌లు తక్కువ నాణ్యతతోనే బొమ్మ పంపుతాయి. కొనేముందు పై స్థాయి అయిన ఎల్1 ఉందో లేదో చూసుకోవాలి. ఇంట్లో టీవీ ఉన్నవారు సినిమా కోసమే ట్యాబ్ ఉంచుకోనవసరం లేదు.

ఇప్పటికే ఇంట్లో ఉన్న ట్యాబ్‌ను ఉంచుకోవడానికీ కొత్తది కొనడానికీ లెక్కలు వేరు. కొత్త ట్యాబ్‌కు 20,000 రూపాయలు పెట్టి నాలుగేళ్లు వాడితే రోజుకు 14 రూపాయల లోపే పడుతుంది. రోజూ గంట చదివేవాడికి అది కాఫీ కంటే చవక, నెలకోసారి తీసేవాడికి ప్రతిసారీ 400 రూపాయల పైన పడుతుంది. పాతదాని మీద పెట్టిన డబ్బు మాత్రం ఎలాగూ వెనక్కి రాదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతకు పాత ట్యాబ్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. కాబట్టి పాతదాని విషయంలో ఎంత పెట్టి కొన్నామన్న బెంగ వదిలి, రెండు సంగతులు చూడాలి. ఒకటి, దానికి ఇంకా భద్రతా అప్‌డేట్‌లు వస్తున్నాయా. రాకపోతే అందులో మెయిల్, ముఖ్యమైన ఖాతాలు ఉంచకుండా పుస్తకాలకు, వంటింట్లో పాటలకు పరిమితం చేయాలి. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021 నాటి ఐప్యాడ్‌ఓఎస్ 15 కూడా అందింది. చవక ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ఇంతకాలం నిలవవు. రెండోది బ్యాటరీ. నేను చేసిన తప్పు ఇక్కడే ఉంది. లిథియం అయాన్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అరలో పడేస్తే అది లోపలే చెడుతుంది. వాడకుండా దాచేటప్పుడు సగం చార్జింగ్‌తో ఆపివేసి, ఆరునెలలకోసారి మళ్లీ సగానికి నింపాలి. మాది దాదాపు ఎనిమిది నెలలు అలా పడి ఉంది. చార్జర్ పెట్టాక తెర మీద గుర్తు కనిపించడానికే గంట పట్టింది. అప్పటి నుంచి మూడు గంటలకు మించి నిలవడం లేదు.

నిర్ణయం కోసం మేము చేసినది పచారీ పద్దు లాంటిది. ట్యాబ్ పక్కన ఒక కాగితం పెట్టి, నెలరోజుల పాటు ఎవరు దాన్ని తీసినా ఎందుకు తీశారో, ఆ పని అక్కడే ముగిసిందో లేదో రాయమన్నాను. నెలాఖరుకు 52 పంక్తులు తేలాయి. 23 నాన్నగారి ఈ-పేపర్, 11 వీడియో కాల్స్, 9 నా పాత పుస్తకాల స్కాన్లు. మిగిలిన తొమ్మిదింటిలో ఏడు, టైపింగ్ కోసమో ఫారాలు నింపడం కోసమో తీసి, మధ్యలో వదిలి ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లినవి. కీబోర్డు ఉన్న కవర్ కొందామని అంతకుముందు అనుకున్నాను. ఆ ఏడు పంక్తులు చూశాక మానుకున్నాను. పద్దు ఇలా కాకుండా పది పంక్తులతో ఆగి ఉంటే గూగుల్ ఖాతా తీసేసి, లోపలిదంతా చెరిపి, ఎవరైనా విద్యార్థికి ఇచ్చేసేవాళ్లం. ఖాతా తీయకుండా చెరిపితే తీసుకున్నవారికి అది తెరుచుకోకపోవచ్చు. చాలామంది అక్కడే పొరపాటు పడతారు.

ఇప్పుడది బీరువాలో లేదు. నాన్నగారి పడక్కుర్చీ పక్క స్టూలు మీద, చార్జర్‌తో సహా ఉంది. స్కాన్లు చదవాలంటే ఆయన జిల్లా పేజీ ముగించేదాకా నేనే ఆగుతున్నాను.